మూత

బాలరాట్‌లో జూన్ అంటే చలి.
పొద్దున్నే నా వేళ్ళు నావి కావు,
రాత్రి ఎవరో మంచం పక్కన
మర్చిపోయి వెళ్ళిన చెక్క గరిటెలు.
జడ వేసుకోవడం మానేసి మూడేళ్ళు.
"బాగానే కనిపిస్తున్నావే" అంటారు.
కనిపిస్తాను.

మంగళవారం తొమ్మిదింటికి వేడినీళ్ళ కొలను.
మెట్లు దిగడానికే పావుగంట,
ఎవరూ గడియారం చూడరు.
నోరీన్‌కి తుంటి, స్టావ్రోస్‌కి చేతుల వణుకు,
తుయ్‌కి నాలాగే కీలు కీలూ.
"ఎలా ఉన్నావ్" అని ఇక్కడ అడగరు.
"ఇవాళ ఎక్కడ?" అంటారు.
ఎడమ మణికట్టు చూపిస్తాను.
ఓహో అదా, అని తలాడిస్తారు
ఎరిగున్నవాళ్ళ కబురు విన్నట్టు.

నిన్న నిమ్మకాయ పచ్చడి సీసా పట్టుకెళ్ళాను.
పదకొండు రోజులుగా మూత రాలేదు,
పక్కింటి తలుపు కొట్టడానికి మనసొప్పలేదు.
తడి తువ్వాళ్ళతో బెంచీ మీద కూర్చుని
ఒకరి నుంచి ఒకరికి అందించుకున్నాం.
నోరీన్ దాన్ని తిట్టింది.
తుయ్ మోకాళ్ళ మధ్య ఇరికించి చూసింది.
స్టావ్రోస్ చేతికర్రతో ఓ దెబ్బ వేసి
సీసాకి క్షమాపణ చెప్పాడు.
నవ్వితే నాకు పక్కటెముకలు నొప్పి. అయినా.

అప్పుడొచ్చాడు జారొడ్,
పందొమ్మిదేళ్ళ లైఫ్‌గార్డు.
నోట్లో ఈల తియ్యకుండానే
టక్కున తిప్పి, నా ఒళ్ళో పెట్టి పోయాడు.
మా అందరికీ వాడి మీద ఒకేసారి కోపం వచ్చింది.

స్టావ్రోస్ సీసా లాక్కుని
మూత మళ్ళీ బిగించాడు, తన శక్తికొద్దీ,
అంటే అంతంతమాత్రం.
"ఇప్పుడు తియ్యి" అన్నాడు.

తీశాను.