సముద్రం మెత్తబరచకముందే

మా ఊళ్ళో పిండివంటలకు ఆయుష్షు తక్కువ.
మధ్యాహ్నం మూకుట్లోంచి తీసిన జంతిక
దీపాలవేళకు కిటికీలోంచి ఉప్పుగాలి తాకి
కోపం దిగిన ముసలాయనలా మెత్తబడిపోతుంది.
డబ్బా మూత బిగించు, గుడ్డ చుట్టు,
పైన పొత్రం పెట్టు,
జాలారిపేట మీదుగా వచ్చే గాలికి
మా వంటింటి దొంగదారులన్నీ తెలుసు.

అందుకే దాచుకోవడం మాకు అలవాటు కాలేదు.
పిలవడం అలవాటైంది.

దీపావళి మర్నాడు ఆదివారం.
నాలుగింటికి పొయ్యి దగ్గర నేనూ ఫిలోమినా.
గులాబీ పువ్వుల అచ్చు తనది,
వాళ్ళమ్మ చేతిలో పాతిక క్రిస్మస్‌లు చూసిన ఇనప పువ్వు.
"మెడదాకా ముంచీకే పిండిలో,
భయపడి పట్టుకుంటాది, మరి వదల్దు."
మొదటి మూడూ వదల్లేదు.
చెంచాతో గీకి, నిలబడే తినేశాం,
వేళ్ళు కాల్చుకుంటూ, నాలుక కాల్చుకుంటూ.
నన్నడిగితే పండగ అక్కడే మొదలవుతుంది,
ఎవరికీ వడ్డించక్కర్లేని చెడిపోయినవాటితో.

నాలుగోది అచ్చుని విడిచి
నూనెలో తనంతట తాను తేలింది.
కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

ఏడింటికి డాబా మీద చాపలు.
నిన్నటి చిచ్చుబుడ్డి మసి ఇంకా పిట్టగోడ మీదే.
ఎర్నాయుడు వంజరం పులుసుతో మెట్లెక్కాడు,
పోర్టులో క్రేన్ దింపినంత జాగ్రత్తగా గిన్నె దింపి
"గరిటె పెడితే ఊరుకోను" అన్నాడు,
"కావాలంటే గిన్నె పట్టుకుని తిప్పండి."
జైబున్నీసా దాల్చా మూత తీసింది.
పక్కడాబా వాళ్ళు బట్టలు తీసే వంకతో
రెండుసార్లు ఇటు వచ్చి వెళ్ళారు.
మూడోసారి వాళ్ళకూ ఒక గిన్నె పంపాం.

నూకరత్నం స్టీలు టిఫిన్లో కేకు తెచ్చింది.
పొద్దున్నుంచీ తనే తంటాలు పడి చేసిందట.
అడుగున బేకరీ కాగితం అంచు
తెల్లగా తొంగి చూసింది.
మేమెవరం దాన్ని చూడలేదు.
రెండో ముక్క అడిగాం, మూడోది అడిగాం,
ఎలా చేశావని మాత్రం ఒక్కరూ అడగలేదు.

దూరంగా లంగరేసిన ఓడల దీపాలు.
చేప ముల్లు తీసుకుంటూ ఎర్నాయుడన్నాడు:
"ఆళ్ళు డబ్బా చేపలు తింటారండీ పాపం,
ఇంత సముద్రం కింద పెట్టుకుని."

పదిన్నరకు సుగుణవేణి వచ్చింది,
కేజీహెచ్ నుంచి తిన్నగా, జడ కూడా విప్పకుండా.
చేతుల దగ్గర ఇంకా డెట్టాల్ వాసన.
కంచం మీద కంచం బోర్లించి దాచిన అన్నం
తన ముందుకు జరిపాం.
"నిన్నట్నుంచీ కాలిన చేతులు పదకొండు" అంది.
"ఒక గుంటడికైతే ఆరేళ్ళు లేవు."
మరేం చెప్పలేదు.
పులుసన్నం పెద్ద పెద్ద ముద్దలు కలుపుకుని తింది.
మేం పేకముక్కలు పంచుతున్నట్టు నటించాం.

చేయి కడుక్కొచ్చి ఒక గులాబీ పువ్వు తీసుకుంది.
కర్‌మంది.
ఆ చప్పుడుకి అందరం తలలెత్తాం.
"ఇంకా మెత్తబడలేదే!" అంది,
తను నవ్వడం ఆ రాత్రికి అదే మొదలు.
ఇంకో రెండు తింది,
మూడోది చేతిలో ఉండగానే
నా ఒళ్ళో తల పెట్టి నిద్రపోయింది.
నుసి చీర మీద పడుతుంటే దులపబుద్ధి కాలేదు.

పొద్దున్న డబ్బా అడుగున రెండు పువ్వులు.
రాత్రి సముద్రం వచ్చి వెళ్ళినట్టుంది,
వంచితే వంగుతున్నాయి.
టీలో ముంచుకుని తినేశాను, వాటి సంగతి వాటిదే.

గూట్లో అచ్చు, నూనె జిడ్డుతో మెరుస్తూ.
ఫోన్ చేశాను, "అచ్చు మర్చిపోయావే."
"మర్చిపోడమేటి," అంది ఫిలోమినా,
"నాగుల చవితికి చిమ్మిలి దంచవేటి నువ్వు?
అప్పుడొచ్చి పట్టుకెళ్తాను."
చవితి ఇంకెంత, మూడ్రోజులు.
నువ్వులు ఇంట్లో లేవు.
సంచీ తీసుకుని పూర్ణా మార్కెట్‌కి బయల్దేరాను.