నల్లచేతుల పందెం

ఈ ఏడు అక్రోటు బాగా కాసింది.
ఆ మాట నేననకూడదు, తూకం వేసేవాణ్ణి,
పైకి అన్నానా, ధర పడిపోతుంది.
ఓష్ నుంచి వచ్చిన వర్తకులు
టీ గిన్నెల మీదుగా నా మొహమే చదువుతున్నారు.
నేను కాటా పళ్ళెం తుడుస్తున్నాను.
తుడిచిందే తుడుస్తున్నాను.

నెలన్నరగా ఊళ్ళో ఊరు లేదు.
ఇళ్ళకు తాళాలు, బడికి తాళం,
కోళ్ళను కూడా గంపల్లో పెట్టుకుని
అందరం కొండ మీది అడవిలోకి కాపురం మార్చాం.
ఇవాళ్టితో సరి.
గుడారాలు విప్పే ముందు పండగ:
మూడు గొర్రెలు, మనిషి మునిగేంత బాణలిలో పులావు,
మంటలో వేసిన కాయ టప్పున పేలినప్పుడల్లా
ఉలిక్కిపడి, ఉలిక్కిపడినందుకు నవ్వే కొత్త కోడళ్ళు.

పొద్దు వాలాక పిల్లల పందెం.
ఎవరి చేతులు ఎక్కువ నల్లగా ఉంటే వాళ్ళకి గొర్రెపిల్ల.
పచ్చితొక్క ఒలిచిన మరక అది,
సబ్బుకు లొంగదు, బూడిదకు లొంగదు,
మంచు పడేదాకా గోళ్ళ సందుల్లో మకాం పెడుతుంది.
తీర్పు చెప్పేది తుర్సునోయ్ అవ్వ.
ఆమెకు రెండు కళ్ళూ కనబడవు.
వర్తకులు నవ్వుతారు. మేం నవ్వం.
అరచేయి పట్టి ముక్కుకు ఆనించిందంటే
ఏ వాలు కాయో, ఎండవైపుదో నీడవైపుదో చెప్పేస్తుంది.
ఒకసారి ఒకడు మసి పూసుకొస్తే
"ఈ కాయ పొయ్యిలో కాసిందా నాయనా" అంది.
వాడికిప్పుడు పెళ్ళయింది, అయినా పొయ్యికాయ అనే పిలుస్తాం.

పదహారు మంది వరసగా నిలబడ్డారు.
పదిహేడోది ఓయ్‌దిన్.

ఆ పిల్ల చేతులు తెల్లగా ఉన్నాయి.
పోయినేడు వాళ్ళ నాన్న ఎర్గాష్
కొమ్మ దులపడానికెక్కి, కొమ్మతో పాటే దిగాడు.
అతని సగం గోతాం నేనే తూచాను.
పదకొండు కిలోల నాలుగు వందల గ్రాములు.
బరువు రాశాను, పేరు రాశాను,
డబ్బు ఎవరికివ్వాలో రాసే గడి దగ్గర
కలం చాలాసేపు ఆగింది.
అప్పట్నుంచి మహఫూజా కూతుర్ని
చెట్ల దరిదాపులకు పోనివ్వలేదు.
ఈ నెలన్నరా గుడారంలో కూర్చుని
ఊరందరి చిరిగిన బొంతలూ కుట్టింది ఆ పిల్ల.

అవ్వ ఒక్కొక్క చేయీ చూస్తూ వస్తోంది.
"వాగు పక్కది...
ఎండవాలు...
నీది దొంగిలించిన కాయ, అందులోనూ పచ్చిది..."
నవ్వులు.
ఓయ్‌దిన్ దగ్గర ఆగింది.
మహఫూజా గరిటెతోనే లేచి నిలబడింది.
అవ్వ ఆ తెల్ల అరచేతిని వాసన చూసింది.
మళ్ళీ చూసింది.
"ఇది ఈ ఏటి కాయ కాదు.
పోయినేటిది. బాగా ఎండింది.
గుర్రాలబండ మీది చెట్టు."

పిల్ల రెండో చేయి జేబులోంచి తీసింది.
నాన్న కోటు అస్తరులో దొరికిన కాయ,
తొక్క ముడుచుకుపోయి కొలిమి బొగ్గులా ఉంది.
రోజూ పట్టుకు పడుకున్నట్టుంది, ఒక పక్క నున్నగా అరిగింది.
ఎవరూ ఏమీ అనలేదు.
మంటలో ఇంకో కాయ పేలింది,
దానికేం తెలుసు.

గొర్రెపిల్ల నుర్మత్ కొడుక్కే వచ్చింది.
తీర్పు తీర్పే, వాడి చేతులు మోచేతుల దాకా అమావాస్య.
అవ్వ మాత్రం ఆ తెల్ల చేతిని
వదలడం మర్చిపోయింది,
పులావు వడ్డించేదాకా.

తెల్లారి గుడారాలు విప్పుతుంటే
మహఫూజా కాటా దగ్గరికొచ్చింది.
"గుర్రాలబండ చెట్టు ఈ ఏడు ఎవరూ దులపలేదు కదా?"
దులపలేదు. ఎవరికీ కాలాడలేదు.
"మేం ఎక్కం. రాలినవి ఏరుకుంటాం.
ఒక ఖాళీ గోతాం ఉంటే ఇవ్వు."
వెనకాల ఓయ్‌దిన్
చేతులు పైకి మడుచుకుంటోంది, ఒకటి, రెండు, మూడు మడతలు.

రెండు గోతాలిచ్చాను.
ఈ ఏడు బాగా కాసిందమ్మా, సరిపోవు, అన్నాను.
వర్తకులు పక్కనే ఉన్నారు.