నాలుగు బోల్టు గుంతలు

జూబ్లీ పుస్తకంల మొదటి పేజీ:
"మూడు ప్రాంగణాలు, పదకొండు శాఖలు."
నాకైతే మూడు లారీలు యాదికొస్తయి.

మొదట్ల ఎనుమాముల రోడ్డు మీద
జిన్నింగు మిల్లు మీది అంతస్తు.
కింద పత్తి బోరాలు, పైన ఎం.టెక్.
ఒక డిగ్రీ అయినంకనే రానిచ్చే చదువాయె,
"కింది అంతస్తు లేని బడిరా ఇది"
అని నవ్వేటోడు వాచ్‌మన్ జక్కులు.
పది తప్పిన నేను
రోజు పదిహేడు మెట్లెక్కి
పోగును తెంపే మిషనుకు నూనె పెట్టేది.

తెంపుడే దాని పని.
ఈ కొసకొక కొండి, ఆ కొసకొక కొండి,
నడుమ ఒంటి పోగు.
కొత్తవాడల మా అవ్వ
పొద్దంత తెగిన పోగులు అతికేది.
తెంపుతే జీతమిస్తరని
ఆమెకు ఎన్నడు చెప్పలే.

రెండో లారీ హన్మకొండ కిరాయి బంగ్లాకు.
వంటింట్ల అద్దకాల ల్యాబు,
సింకు ఒకనాడు నీలం, ఒకనాడు కుంకుమ.
ఇంటాయన కోర్టుకు పోయిండు.
మిషను వరండాల, తార్పాలిన్ కింద,
రెండు వానకాలాలు.

మూడోది ధర్మసాగరం తొవ్వకు.
గుట్ట తొలిచి కట్టిన అద్దాల బిల్డింగు,
లిఫ్టు, లిఫ్టుల కూడ అద్దం.
మిషను మాత్రం మళ్ల పైకే,
కిందిదంత ఆఫీసులకట.

జగిత్యాల పిల్ల తహసీన్
ఆర్నెల్లు తెంపింది, రాసుకున్నది, తెంపింది.
ఒక మాపటీలి పోగు నా చేతుల పెట్టి
"ఓదేలన్నా, దీని బలమెంత?" అన్నది
ఊకెనే, పరాష్కానికి.
పెదవి మీదికెళ్లి గుంజి చూసిన.
"నీ కాగితంల ఉన్నంత లేదు బిడ్డా."

ఆమె నవ్వలే.
కోయంబత్తూరు మెకానిక్ వచ్చి విప్పిండు:
లారీ కుదుపుకు స్ప్రింగు పక్కకు జరిగిందట.
ఆర్నెల్ల లెక్కలు మళ్ల మొదటికి.
వారం దాక తహసీన్ నాతోని మాట్లాడలే,
నేను తప్పు చెప్పనందుకు.
రిజిస్టర్ల రాసిండ్రు: స్ప్రింగు, ఒకటి.

జూబ్లీ ఫొటోల నేనున్న.
బ్యానరు కొస పట్టుకున్న మోచెయ్యి నాదే.

మొన్న బామ్మర్ది మిర్చి తూకానికి పోయి
ఆ మిల్లు మెట్లెక్కిన.
పదిహేడే. మోకాళ్లే ముప్పై లెక్కపెట్టినయి.
అర్ర నిండ చపాట మిరప, కండ్లల్ల నీళ్లు.
కాలుతోని జరుపుకుంట వెతికితే
నేల మీద నాలుగు గుంతలు,
నేను బిగించిన బోల్టులయి, నేనే ఊడదీసినయి,
గింజలు పడి నిండినయి.
గోరుతోని ఒకటి తవ్వబోయిన.
కిందికెళ్లి హమాలి కేకేసిండు,
"ఎవలయ్యా పైన?"
చెప్పేలోపల తుమ్మొచ్చింది.