చెవి గుర్తు

అక్షరానికి మూడు పెన్నీలు.
చుక్కలకీ గీతలకీ డబ్బుల్లేవు.
అబర్డీన్ నుంచి రాయి పడవలో వచ్చింది,
దాని పక్కనే నేనూ,
దారి పొడుగునా వాంతులు చేసుకుంటూ.

హాల్తోస్‌లో గడ్డికప్పు ఇళ్లు నలభై.
కమిటీ ఇచ్చిన కాగితంలో పేర్లు పంతొమ్మిది.
అందులో పదకొండుమందిది ఒకటే ఇంటిపేరు,
ఆ పదకొండులో ముగ్గురు తోర్మోద్‌లు,
ముగ్గురిదీ ఒకటే పటాలం,
ఇద్దరిది ఒకటే రోజు.

రాళ్లు చెక్కేవాడికి అనుమానాలెందుకు?
అయినా అదే పేరు మూడోసారి మొదలెడితే
పొరపాటు పడ్డానేమోనని ఉలి ఆగేది.
మలుపులన్నీ చేతికొచ్చేశాయి,
కళ్లు మూసుకుని చెక్కగలను.
అది నాకు నచ్చలేదు.

వలలు బాగుచేసే ముసలాయన్ని అడిగాను.
'తోర్మోద్ మెకాస్కిలా? ఎవరబ్బా ఆయన?'
సూది ఆపి చాలాసేపు ఆలోచించాడు.
'ఓ, ఫిన్లే కొడుకా! వాణ్ణి కొంగ అంటాం.
ఇంకోడు నత్తోడు.
పెద్దవాడు పాదిరీ,
ప్రార్థన మొదలవగానే నిద్రపోతాడు.'
పోతాడు అన్నాక
వలలోకి తల వంచేసుకున్నాడు.

అయిదోరోజు బెహక్ వచ్చింది.
వీపున పీటు గడ్డల బుట్ట,
నడుస్తున్నా ఆగని అల్లికసూదులు.
'ఈ ముగ్గురిలో నావాడెవడు?'
నడిమి పేరు చూపించాను.
'నీకెలా తెలుసు?'

నాకు తెలీదు.
కాగితంలో ఉన్న వరసే నా వరస.

'నాకు ఇంగ్లీషు రాదు, చదువు అసలే రాదు.
గొర్రెల్నయితే చీకట్లో పోల్చుకుంటాను' అంటూ
నా చెవి పట్టుకుంది,
మందలో ఒకదాన్ని పట్టినట్టే.
'కుడిచెవికి ఇక్కడ కొస కోత.
ఎడమదానికి కిందినుంచి ఒక గాటు.
అది మా ఇంటి గుర్తు.
చిన్నప్పుడు వాడే వేసేవాడు,
గొర్రెపిల్ల కంటే గట్టిగా ఏడుస్తూ.
ఈ రాయి మీద అది రాయి.'

ఎస్టేటు మేనేజరు పిట్‌కెయిర్న్ నవ్వాడు.
'మనుషులకి గుర్తులేమిటయ్యా, గొర్రెలా?'
మెడలో నంబరు బిళ్ల కట్టి పంపినప్పుడు
ఈ మాట గుర్తు రాలేదా అని
నేనడగలేదు.
నాకింకా సగం డబ్బు రావాలి.

ఆ రాత్రి లాంతరు పట్టుకుని
రాయి వెనక్కి వెళ్లాను, సముద్రం వైపుకి.
బొటనవేలంత చోటులో
రెండు చెవులు, ఒక కోత, ఒక గాటు.
పొద్దున్నే చూస్తే
ఆరుగురు ఆడవాళ్లు గాలికి చీరుకుపోయే శాలువల్లో,
ఒకావిడ బూడిదతో పలక మీద గీసి తెచ్చింది,
ఒకావిడ ఏకంగా గొర్రెనే తోలుకొచ్చింది.

చివరికి పేగీ మిగిలింది.
ఆమెకి గొర్రెల్లేవు, ఎప్పుడూ లేవు.
చేతులు ఆప్రన్‌లో దాచుకుని
'పర్లేదులే, ఏదో ఒకటి' అంది.
ఏదో ఒకటి ఏమిటో నాకు తోచలేదు.
ఒక చోట రాయిని నున్నగా అరగదీసి వదిలేశాను.
ఇప్పటికీ తోచలేదు.

ఆవిష్కరణ రోజు బ్యాగ్‌పైపు వాయించారు,
దొర చేతి తొడుగు తీయకుండా గుడ్డ లాగాడు,
పేర్లు చదివారు, వరసగా, సరిగ్గా.
చదవడం పూర్తికాకముందే
రాయి ముందు మగవాళ్లే మిగిలారు.
వెనకనుంచి మాటల్లేవు,
అరచేతులు రాతిని తడిమే చప్పుడు.

ఏడాది తర్వాత
విరిగిన మూల అతకడానికి మళ్లీ వెళ్లాను.
గాలికి ఓరగా ఉందని
గొర్రెలు అక్కడే ఒళ్లు రుద్దుకుంటున్నాయట,
గాట్ల నిండా ఉన్ని పోగులు.
తుడవబోతే బెహక్ ఆపింది.
ఒక్కొక్క పోగే గిల్లి తీసి
బుట్టలో వేసుకుంది.
'మేజోళ్లకి పనికొస్తుంది' అంది.
ఎవరి మేజోళ్లకో చెప్పలేదు.