చేదర్థకం

అధికారం చేతులు మారిన సాయంత్రం
వైట్‌హాల్‌లో ఒక గదిలో కూర్చుని
కొత్త ప్రధాని నాలుగు ఉత్తరాలు రాయాలి.
టైపు చేయకూడదు, చెప్పి రాయించకూడదు.
సొంత దస్తూరీ.
నాలుగు జలాంతర్గాములకి నాలుగు కవర్లు.
సంగతి ఒకటే:
ఇది మీరు విప్పేసరికి నేను ఉండను,
బహుశా లండన్ ఉండదు,
అప్పుడు

అప్పుడు తర్వాత ఏముందో వినిఫ్రెడ్ ఆస్క్యూకి తెలియదు.
దిగిపోయిన ప్రధాని కవర్లని విప్పకుండా
కత్తిరించే మిషన్లో వేయడం ఆవిడ పని.
ఇప్పటికి ముగ్గురివి వేసింది.
ఒకసారి ఒక కవరు బరువుగా తోచింది.
వద్దనడానికి ఒక్క ముక్క చాలు,
కానిమ్మనడానికీ అంతే.
మరి ఆ రెండో కాగితంలో ఏం రాసుకున్నాడో మనిషి.

విధానం మాత్రం వేరే గదిలో తయారవుతుంది.
మూడు గంటలు ఒక్క క్రియాపదం మీద తగాదా.
ప్రయోగిస్తాం అనాలా,
ప్రయోగించగలం అనాలా,
ప్రయోగించే అవకాశాన్ని తోసిపుచ్చం అనాలా.
చివరిదే నెగ్గింది.
తేటగా చెప్తే శత్రువు లెక్క వేసుకుంటాడు,
మసకగా చెప్తేనే నిద్రపోడు అని
ఒక సలహాదారు బిస్కెట్టు టీలో ముంచుతూ తేల్చేశాడు.
ముంచిన సగం విరిగి కప్పులో పడింది.

మన వ్యాకరణంలో దీనికో పేరుంది.
వస్తే, చేస్తే, వేస్తే:
చేదర్థకం.
చేదుగా ఉండే అర్థం కాబోలనుకున్నాను చిన్నప్పుడు.
చేత్ అంటే సంస్కృతంలో 'అయితే' అని
మేష్టారు నవ్వి దిద్దారు.
ఇన్నాళ్ళకి అనుమానం, నాదే ఒప్పేమో.
ఒక దేశాన్ని తెచ్చి
ఒక్క 'తే' మీద నిలబెట్టారు.
నువ్వు వేస్తే నేను వేస్తాను.
వేస్తానని నువ్వు నమ్మితే, నువ్వు వేయవు.
నువ్వు వేయకపోతే
నేను ఆడింది అబద్ధమో కాదో
నాకే ఎప్పటికీ తెలియదు.

ఉత్తరాన, గేర్‌లాక్ ఒడ్డున
ఐలీ మెక్‌ఫాడియన్ వంటింటి బల్ల ముందు కూర్చుంది.
మొగుడు నీళ్ళ కిందికి వెళ్ళి తొంభై రోజులు.
ఏ సముద్రమో చెప్పరు.
వారానికి నూట ఇరవై మాటలు పంపుకోవచ్చు,
అటునుంచి జవాబు రాదు.
చెడు కబురు రాస్తే మధ్యలోనే ఆపేస్తారు,
ఆ కవరున్న ఇనప్పెట్టెకి నాలుగడుగుల దూరంలో
కాపలా తిరిగేవాడి చెయ్యి వణకకూడదు కదా.

మంగళవారం మామగారు పోయారు.

ఆమె రాసింది:
బాయిలరు బాగు చేయించాను.
చిన్నాడికి ముందు పన్ను ఊడింది, దాచి ఉంచాడు నీకు చూపించాలని.
మీ నాన్న పెంచిన బఠానీ తీగ పూతకొచ్చింది.

'పెంచిన' దగ్గర పెన్ను ఆగింది.
కొట్టేసి
'పెంచే' అని రాసింది.
మాటలు లెక్కపెట్టుకుంది.
ఇంకా చాలా మిగిలాయి.