మిగిలిన బుష్

నెల్లిమర్ల ఇంకా రాకుండానే
వెనక చక్రం మెత్తబడింది.
ముల్లు కాదు, గాజుపెంకు కాదు,
ఏ ఎద్దు నాడా నుంచో రాలిన మేకు.

పెట్టెలు రెండూ దించి, టెంటు దించి,
మూడు రాష్ట్రాల దుమ్ముతో ఉన్న బండిని
లెంక అప్పలసూరి పంచరు షాపు ముందు
సెంటర్ స్టాండు మీద నిలబెట్టాను.
పంచరు మీరెయ్యండి, చక్రం నేనే ఎక్కిస్తానన్నాను.
పోయిన వానాకాలం ఎవడో గొలుసు లాగి బిగిస్తే
నూరు కిలోమీటర్లు అది ఏడుస్తూనే వచ్చింది.
అప్పట్నుంచి ఇంకొకరి చేతికివ్వను.
ఎగాదిగా చూశాడు.
"సరే తల్లీ, సూద్దుం" అన్నాడు,
చెవి మీది బీడీ తియ్యకుండానే.

గోనె పరిచి సామాను వరసగా పేర్చాను.
ఇరుసుకి గ్రీజు రాశాను, పాపడి వీపుకి నూనె రాసినట్టు.
చక్రం కింద చెక్క, చెక్క కింద నా పాదం.
పిసరంత పైకి. ఇంకో పిసరు.
గొలుసు పళ్ళ మీద కూచోబెడితే బ్రేకు జారింది,
బ్రేకు నోట్లో డిస్కు పెడితే గొలుసు జారింది.
ఇరుసు సగం దాకా వెళ్ళి
మొండికేసింది.
సుత్తి కోసం చెయ్యి చాచాను.

"కొట్టకు. అది రానంటన్లేదు,
దారి కానరాట్లేదంటంది."

అవతలి వైపు వంగి కన్నంలో వేలు పెట్టాడు.
ఆ వేలికి గోరు లేదు.
ముప్పై రెండేళ్ళు మిల్లులో స్పిన్నింగు ఫిట్టరు;
గోగునార ఎక్కడ తెగుతుందో
చెవులతో కనిపెట్టేవాడట.
చక్రాన్ని, ఆ లేని గోరంత, ముందుకు జరిపాడు.
ఇరుసు చప్పుడు లేకుండా నడిచొచ్చింది.

నట్టు తిప్పి, లేచి, చేతులు తుడుచుకుంటుంటే
గోనె మీద ఇంకా ఒకటి మెరుస్తోంది.
ఉంగరానికి పెద్దది, గాజుకి చిన్నది.
ఎడమ వైపు బుష్.

నేను దాన్ని చూశాను. అతను నన్ను చూశాడు.
ఎదురు ఇడ్లీ బండి కాడ కూచున్న ఇద్దరు
మా ముగ్గుర్నీ చూశారు.

"మా మిల్లులో" అన్నాడు చివరికి,
"సామాను మిగిలిందంటే
ఆ రేతిరి ఎవుడో ఒకడు ఇంటికెళ్ళడన్న మాటే."

మళ్ళీ విప్పాను.
నట్టు, ఇరుసు, గొలుసు, బ్రేకు.
రెండోసారి బేగి అయిపోయింది.
సిగ్గు కూడా ఓ చెయ్యి వేసింది.

నట్టు ఎంత బిగించాలో పుస్తకంలో అంకె ఉంది.
ఆ అంకె కొలిచే పానా
బరువని ఇంట్లో వదిలేశాను.
నా మోచేతి మీద రెండు వేళ్ళాన్చి నిలబడ్డాడు.
తిప్పుతున్నాను, తిప్పుతున్నాను,
"సాలు" అన్నాడు. "ఇంక తిప్పితే మర ఏడుస్తాది."
గొలుసు ఎత్తి వదిలి చూశాం.
గీతలు ఇటు మూడున్నర, అటు మూడున్నర.
కొత్త పిన్ను తోసి కాళ్ళు విడదీసి వంచాడు.
పాతది జేబులో వేసుకున్నాడు, ఎందుకో.

బ్రేకు తొక్కితే
పాదం పాతాళానికి పోయింది.
"నిద్దర్లో ఉంది. తొక్కు."
మూడు. నాలుగు.
అయిదోసారికి కింద ఎవరో ఉన్నట్టు
ఎదురు నిలిచింది.

పంచరు డబ్బులే తీసుకున్నాడు.
మరి దీనికి?
"ఓ తిప్పు తిప్పు. ఎనక నన్నెక్కించుకో."
నా హెల్మెట్టు పెడితే
బోర్లించిన కుండలోంచి నవ్వాడు.

రైలు గేటు దాటి, ఎండుచేపల వాసన దాటి
వెళ్తుంటే భుజం మీద తట్టాడు.
తొక్కాను.
ఊగలేదు, జారలేదు, తట్టిన చోటే ఆగింది.

పెద్ద ఇనప గేటు. తాళం.
తాళం కన్నంలో తుప్పు.
గేటు సందులోంచి, ఎవరూ నాటని గోగు మొక్క
నడుమెత్తు పెరిగి పూసి ఉంది.

అతను దిగలేదు.
ఇంజను ఆపమనీ అనలేదు.
కాసేపటికి, నా వీపుతోనో, గేటుతోనో,
"బ్రేకు బాగానే పట్టింది" అన్నాడు.
"పద తల్లీ. షాపు అలగే ఒగ్గేసి వచ్చేసినాం."