డబ్బాల వరస

కంచిలి రోడ్డు దిగి, జీడితోట దాటాక
పిండి మర ముందు ఒక వరస ఉండేది.
మనుషులది కాదు, డబ్బాలది.
నూనె డబ్బాలు, మూత పోయిన స్టీలు క్యాను,
పాత చీర ముక్కలో కట్టిన చోళ్ల మూట.
డబ్బా పెట్టి ఎవరైనా ఇంటికెళ్లిపోవచ్చు,
తిరిగొచ్చేసరికి అది తన చోటు తప్పేది కాదు.
బమ్మిడి తవిటమ్మ మర అది.

ముందు పుట్టిన ముగ్గురూ పోయాక నాలుగోదాన్ని
చేటెడు తవుడుకి అమ్మి, మళ్లీ తెచ్చుకుందట వాళ్లమ్మ.
"తవుడంత ఖరీదు నాది" అనేది,
కనుబొమల మీద పిండి తెల్లగా.
మోటారు హోరు మీద మాట్లాడీ మాట్లాడీ
ఆ గొంతుకి చిన్నగా మాట్లాడడం రాదు.
ఆమెకి రహస్యం చెబితే బస్టాండులో వినబడేది.

తుపాను కొబ్బరిచెట్లని పడుకోబెట్టిన వారం
మూడోనాటికి నీళ్ల ట్యాంకరు వచ్చింది.
బిందెలు బిందెల్ని కొట్టుకున్నాయి.
డయాలసిస్ నుంచి వచ్చిన మా నాన్న
ఖాళీ చెంబుతో గోడకి ఆనుకుని నిలబడ్డాడు.
తవిటమ్మ ట్యాంకరు మెట్టెక్కింది.
"బిందెలు వరసలో ఎట్టండి. మీరు ఎనక్కెల్లండి!"
కరెంటు లేని ఊళ్లో, ఆగిపోయిన మర
ఆ గొంతులో తిరిగింది.
సర్పంచి గారి బిందె పదిహేడోది.
ఎవరూ చప్పట్లు కొట్టలేదు, నీళ్లు పట్టుకుని పోయారు.
పదిహేడు మాత్రం ఊరికి గుర్తుండిపోయింది.

ఆ తరవాత
పింఛను ఆగినా, కార్డులో పేరు తప్పినా
మర దగ్గరికే.
చోళ్లు తొట్టిలో పడుతుంటే కాగితాలు ఆమె చేతిలో పడేవి.
చదివింది అయిదో తరగతి.
అర్థంకాకపోతే బడిపిల్లల చేత చదివించుకునేది,
అప్పటికీ కాకపోతే మర ఆపి సోంపేట బస్సెక్కేది.

సర్పంచి సీటు ఆడవాళ్లకి వచ్చిందని తెలిసి
పెద్దలు నలుగురు, నేలమీది పిండిలో
చెప్పుల గుర్తులేసుకుంటూ వచ్చారు.
"పేరు నీది, సంతకం నీది. మిగతాది మేం చూసుకుంటాం."
ఆమె జల్లెడ దులిపింది.
"మిగతాదంటే ఏటి?"
వాళ్లు ఇంకో ఇంటికి వెళ్లారు.
ఆమె ఒక్కతే వెళ్లి నామినేషను వేసింది.

గుర్తు ఉంగరం వచ్చింది.
ఉన్న ఒక్క ఉంగరం, మోటారు చుట్టించడానికి
సేటు దగ్గర తాకట్టులో ఉంది.
బోసి వేలు చూపించి ఓటడిగింది.
పైగా ఎన్నికలు పదిరోజులుండగా
కిలోకి రూపాయి పెంచింది.
"ఓట్లయ్యాక పెంచొచ్చు కదప్పా" అంటే
"బెల్టు ఓట్లదాకా ఆగుతాదా" అంది.
అవతలివాళ్లు ఇంటికి అయిదొందలూ
ఓ వెండి కుంకం భరిణా పంచారు.
నలభై ఒక్క ఓట్లతో గెలిచింది.
మా ఇంట్లోనూ భరిణ ఉంది, అబద్ధమెందుకు.

మూడో రోజే వెళ్లాను నేను,
ఇళ్ల జాబితాలో మా పేరు పైకి జరపమని.
నాన్న సంగతి తెలుసు కదా,
మనం మనం ఒకటి కదా అని.
చాలాసేపు నాకేసి చూసింది.
"డబ్బా ఎక్కడ ఎట్టినావు, బావూ?"
ఏడాదిపాటు పిండి పక్కూళ్లో ఆడించుకున్నాను.
ఆమె సొంత తమ్ముడైతే ఇప్పటికీ మాట్లాడడు.

నిన్న రాత్రి మరలో వెలుగు చూసి ఆగాను.
రాయి విప్పి నేలమీద పెట్టి
ఉలితో గంట్లు కొడుతోంది.
రోడ్డు బిల్లు ఆగిందట,
కాంట్రాక్టరు ఫోనులో నోటికొచ్చింది అన్నాడట,
సోమవారం కలెక్టరాఫీసులో పొద్దుట్నించీ కూచున్నా
సాయంత్రానికీ వంతు రాలేదట.
"అక్కడ వరస లేదా?"
"ఉంది. డబ్బాలే జరుగుతన్నాయి."
రాతి పొడి ఎగిరి ఆమె కళ్లలో పడింది.
తుడుచుకుని, "లైటు పట్టుకో" అంది.
పట్టుకున్నాను.

పొద్దున్నే చోళ్ల డబ్బా తేవాలి.
ఎంత తెల్లారగట్ల వచ్చినా
నాకన్నా ముందు ఎవరిదో ఉంటుంది.